నెట్ స్లో అని ఫోన్ మార్చమనేవాళ్లతో నా పేచీ

హన్మకొండ చౌరస్తాలో ఏ మొబైల్ షాపుకైనా పోయి "నెట్ స్లోగా వస్తుంది" అని చెప్పి చూడండి. కౌంటర్ అవతలి పిల్లగాడు ఫోన్ చేతిలోకి కూడా తీసుకోడు. దూరం నుంచే ఒక చూపు చూసి, "అన్నా, ఇది 4జీ సెట్టు. ఇప్పుడంతా 5జీ నడుస్తున్నది. పదివేలల్ల మంచిదున్నది, చూపియ్యాల్నా?" అంటాడు. నెలకు ఈఎంఐ ఎంత పడుతుందో కూడా అదే ఊపులో చెప్పేస్తాడు. ఆ పిల్లగాడిని అనేదేం లేదు, అతని టార్గెట్లు అతనికుంటాయి. నా పేచీ ఆ మాటతో. ఎందుకంటే ఆ మాట ఇప్పుడు షాపులోనే కాదు, ప్రతి ఇంట్లోనూ వినిపిస్తోంది. పెద్దవాళ్ల ఫోన్‌లో ఏది తెరుచుకోకపోయినా పిల్లలు అనేది ఇదే: "డాడీ, ఫోన్ పాతదైంది."

నేను చూసినంతలో పాత 4జీ ఫోన్‌లో నెట్ నత్తనడక నడుస్తుంటే అందుకు కారణం చాలావరకు దాని వయసు కాదు. సెట్టింగో, సిమ్మో, రీఛార్జ్ ప్లానో, టవరో అయి ఉంటుంది. వీటిలో మొదటి మూడింటికి పైసా ఖర్చు లేదు, మహా అయితే సిమ్ మార్పుకు కొద్దిగా అడుగుతారు. వీటిని చూడకుండా ఫోన్ మార్చమనేవాళ్లు ఇంటి యజమానికి అక్కర్లేని అప్పు అంటగడుతున్నారనే నేనంటాను.

ఫోన్ల పిచ్చి ఉన్నవాడి వాదన అనుకునేరు. మా దిక్కు ఇది నేరుగా పంట పైసలతో ముడిపడింది. 2025 పత్తి సీజన్ నుంచి మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐకి పత్తి అమ్మాలంటే ముందుగా కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకొని, స్లాట్ బుక్ చేసుకోవాలి. ఆ సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. స్లాట్ దొరకనివాడు ఊర్లోకి వచ్చిన వ్యాపారి చెప్పిన రేటుకే తూకం వేయించుకోవాలి. తేమ 12 శాతం దాటకుండా ఆరబెట్టుకోవడం రైతుకు ఎప్పుడూ ఉన్న పనే. ఇప్పుడు దానికి ఓటీపీ వచ్చేదాకా యాప్ తెరిచి ఉంచుకోవడం కూడా తోడైంది. సర్కారు పంట అమ్మకాన్ని ఫోన్‌లోకి తెచ్చింది కాబట్టి, ఆ ఫోన్‌లో నెట్ ఎందుకు రావడం లేదో చూసి చెప్పే దిక్కు కూడా ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. రైతు వేదికలు కట్టారు, వ్యవసాయ విస్తరణాధికారులు (ఏఈవోలు) ఉన్నారు. ఎరువుల గురించి చెప్పినట్టే దీని గురించీ వాళ్లచేత చెప్పించవచ్చు.

నర్సంపేట దగ్గర పల్లెలో మా మేనమామ ఉంటాడు. ఆయనది 2017లో కొన్న ఫోన్. రెండు సిమ్‌లు పడతాయి, స్క్రీన్ మూలకు పగులు, వెనక కవరుకు రబ్బర్ బ్యాండు. ఈ పత్తి రోజుల్లోనే ఫోన్ చేశాడు. "అల్లుడా, గీ ఫోన్ల ఏం తెరిసినా గుండ్రంగ తిరుగుడే. కొత్తది కొనాల్నంటున్నడు మా పోరడు. పత్తి పైసలు రాకముందే ఫోనుకు పైసలెక్కడియి?"

నేను పోయి చూస్తే గీతలన్నీ నిండుగా ఉన్నాయి. సిగ్నల్ లేదనడానికి లేదు. కానీ గీతల పక్కన 4జీ అని ఉండాల్సిన చోట చిన్నగా ఇంగ్లిష్ 'ఇ' అక్షరం. చాలామంది దాన్ని పట్టించుకోరు. ఆ అక్షరం ఉంటే ఫోన్ ఎడ్జ్ మీద, అంటే 2జీ మీద నడుస్తోందని అర్థం. ఎంత లాగినా రెండు మూడు వందల కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) దాటని దారి అది. వాట్సాప్‌లో రాతమాటలు పోతాయి, ఫొటో పోవాలంటే ఓపిక కావాలి, ఇక యాప్ తెరవడమంటే గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది.

సెట్టింగ్స్‌లో సిమ్ కార్డులు, మొబైల్ నెట్‌వర్క్‌లు అనే చోటికి పోయి, నెట్ వాడే సిమ్ మీద నొక్కితే 'ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్' అని ఉంటుంది. మామ ఫోన్‌లో అక్కడ 'ప్రిఫర్ 3జీ' మీద చుక్క ఉంది. అదెట్లా వచ్చిందో ఆలోచిస్తే అర్థమైంది. ఆ ఊరికి 4జీ సరిగ్గా అందని రోజుల్లో మాట మధ్యలో కాల్ కట్ అవుతుంటే ఎవరో అలా పెట్టి ఇచ్చారు. అప్పటికి అది మంచి పనే. ఆ తర్వాత ఆ సిమ్ కంపెనీ 3జీని ఎత్తేసింది. ఈ మార్పు దేశమంతా జరిగింది: ఎయిర్‌టెల్ 2019లో కోల్‌కతాతో మొదలుపెట్టి 2020 నాటికల్లా 3జీని మూసేసింది. జియో 2016 సెప్టెంబర్ 5న వచ్చిందే 4జీతో, దానికి 2జీ, 3జీ అసలే లేవు. మామ ఫోన్‌కు ఇవేవీ తెలియవు. 4జీ వైపు చూడొద్దన్నారు కాబట్టి చూడలేదు, 3జీ వెతికితే దొరకలేదు, చివరికి 2జీ మీద కూర్చుంది. ఏళ్ల తరబడి అలాగే ఉంది. ఎల్‌టీఈ అంటే 4జీయే. 'ప్రిఫర్ ఎల్‌టీఈ' మీద నొక్కగానే 'ఇ' పోయి 4జీ వచ్చింది. యాప్ తెరుచుకుంది.

"గింతేనా?" అన్నాడు మామ. అంతే. కానీ ఆ 'అంతే' కోసం ఆయన ఒక ఫోన్ కొనబోయాడు.

ఇక్కడ సిమ్ స్లాట్ల సంగతి కూడా చెప్పాలి. ఇప్పటి ఫోన్లలో రెండు సిమ్‌లూ 4జీ మీద ఉంటాయి. 2015, 2016 ప్రాంతంలో వచ్చిన చాలా ఫోన్లలో అలా కుదరదు. ఒక సిమ్‌కే 4జీ, రెండోది 2జీకి పడిపోతుంది. కొన్నింటిలో మొదటి స్లాటుకు తప్ప రెండోదానికి 4జీ రానే రాదు. మనవాళ్లు చేసేదేమో దీనికి తలకిందులు. బ్యాంకుకు ఇచ్చిన పాత నంబర్ మొదటి స్లాట్లో ఉంటుంది, నెట్ కోసం తర్వాత కొన్న సిమ్ రెండో స్లాట్లో ఉంటుంది. సిమ్‌లు అటూ ఇటూ మార్చి పెడితే చాలు, ఫోన్ మారిపోయినట్టుంటుంది.

సిమ్ కార్డు కూడా పాతదై ఉండవచ్చు. 2జీ కాలం నాటి సిమ్‌తో 4జీ రాదు, అదే నంబర్‌తో కొత్త సిమ్ తీసుకోవాలి. ఆధార్ పట్టుకొని కంపెనీ స్టోర్‌కు పోతే అక్కడికక్కడే ఇస్తారు. ఒక్క జాగ్రత్త. సిమ్ మార్చాక 24 గంటల పాటు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు, సిమ్ మోసాలు జరగకుండా పెట్టిన నిబంధన అది. అంటే ఒకరోజు ఓటీపీలు రావు. రేపు స్లాట్ బుక్ చేయాలనుకుంటే ఇవాళ సిమ్ మార్చొద్దు. ఇది ముందే ఎవరూ చెప్పరు, చెప్పకపోవడంతో ఆ ఒక్కరోజు ఇంట్లో అందరికీ టెన్షన్.

ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి నంబర్ పోర్ట్ చేసుకున్నవాళ్లు మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఏపీఎన్ (ఫోన్ ఏ కంపెనీ దారిలో నెట్‌లోకి పోవాలో చెప్పే పేరు) కూడా చూసుకోవాలి. పాత కంపెనీ పేరు అందులో మిగిలిపోతే నెట్ అసలు రాకపోవచ్చు, లేదా వచ్చీ రానట్టుంటుంది. జియోకు జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్, ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్. ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి. అదే పేజీలో ఏపీఎన్ ప్రోటోకాల్ అని ఉన్నచోట ఐపీవీ4, ఐపీవీ6 రెండూ కలిసి ఉన్నది ఎంచుకోవాలి. ఇదంతా ఎందుకనుకుంటే 'రీసెట్ టు డిఫాల్ట్' నొక్కండి, చాలా ఫోన్లు సిమ్‌ను చూసి తామే సర్దుకుంటాయి.

ఇక ప్లాన్. "పొద్దున బాగానే వస్తది, రాత్రికే స్లో" అనే ఫిర్యాదు వింటే నేను ముందు అడిగేది రోజుకు ఎన్ని జీబీల ప్లాన్ అని. రోజు కోటా అయిపోయాక చాలా ప్లాన్లలో నెట్ ఆగదు, 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అది ఎడ్జ్ కంటే కూడా ఘోరం. నెట్ ఉన్నట్టే కనిపిస్తుంది, ఏదీ తెరుచుకోదు, తిట్లు ఫోన్‌కు పడతాయి. మరి కోటా ఎవరు తాగేస్తున్నారంటే, పది వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలు. వాట్సాప్ స్టోరేజ్ సెట్టింగ్స్‌లో మొబైల్ డేటా మీద ఆటో డౌన్‌లోడ్ తీసేయండి. ప్లే స్టోర్‌లో అప్‌డేట్లను వైఫై మీదే అని పెట్టండి. మా పెద్దమ్మ ఫోన్‌లో ఈ రెండూ చేశాక రాత్రిపూట మనవడితో వీడియో కాల్ ఆగడం తగ్గింది. గ్రూపుల్లోంచి బయటికి రమ్మని మాత్రం చెప్పలేకపోయాను, అది కుటుంబ కలహాలకు దారి తీస్తుంది.

ఇప్పటిదాకా చెప్పినవి చిన్న చిన్న సంగతులు. అసలు సంగతి బ్యాండ్లది. షాపులో మనకు చెప్పేది 'ఎన్ని జీలు' అన్న లెక్క ఒక్కటే. ఆ లెక్కతో సగమే తెలుస్తుంది. 4జీ అంతా ఒకే తరంగం మీద రాదు. మన దేశంలో జియో 850, 1800, 2300 మెగాహెర్ట్జ్‌ల మీద 4జీ నడుపుతుంది. వీటినే బ్యాండ్ 5, 3, 40 అంటారు. ఎయిర్‌టెల్ ఎక్కువగా 900, 1800, 2100, 2300 మీద ఉంటుంది. అంటే బ్యాండ్ 8, 3, 1, 40. తక్కువ ఫ్రీక్వెన్సీ దూరం పోతుంది, గోడలు దాటుతుంది, కానీ దాని వెడల్పు తక్కువ కాబట్టి ఎక్కువమంది వాడితే ఇరుకవుతుంది. 2300 మీద స్థలం ఎక్కువ, స్పీడ్ ఎక్కువ, కానీ స్లాబు ఇంట్లో లోపలి గదిలోకి వచ్చేసరికి నీరసిస్తుంది. మీ ఫోన్‌లో ఈ మూడు నాలుగు బ్యాండ్లలో ఒక్కటే ఉందనుకోండి, పేరుకు 4జీయే, కానీ టవర్ ఇవ్వగలిగినదాంట్లో ఒక ముక్కే మీకు అందుతుంది.

ఉత్తర తెలంగాణలో దీనికి ఒక ప్రత్యేకమైన కారణం ఉంది, గల్ఫ్ ఫోన్లు. జగిత్యాల, మెట్‌పల్లి, సిరిసిల్ల దిక్కు దుబాయి నుంచి వచ్చిన ఫోన్ లేని వాడకట్టు ఉండదు. అన్న వచ్చేటప్పుడు తెచ్చాడు, చాలా ఖరీదైనది, అక్కడ బుల్లెట్‌లా నడిచింది, ఇక్కడేమో పక్కింటివాళ్ల చవక ఫోన్ కంటే స్లో. "ఇక్కడి నెట్టే గట్లున్నది" అని సరిపెట్టుకుంటారు. నిజానికి బయటి దేశాల కోసం తయారైన కొన్ని పాత మోడళ్లలో 800 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 20, 2600 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 7 ఉంటాయి. మన దగ్గర ఆ రెంటి మీదా 4జీ లేదు. మనకు కావాల్సిన 5, 40 వాటిలో ఉండకపోవచ్చు. 800, 850 పక్కపక్కనే ఉన్నాయి కదా, పట్టేస్తుందిలే అనుకుంటే కుదరదు, బ్యాండ్ 20 వేరు, బ్యాండ్ 5 వేరు. అప్పుడు జియో సిమ్ వేస్తే ఆ ఫోన్‌కు మిగిలేది 1800 ఒక్కటే. ఊర్లో టవర్ మీద 1800 ఉంటే నడుస్తుంది, లేకపోతే లేదు. ఏ సెట్టింగ్ మార్చినా లేని బ్యాండ్ రాదు.

మోడల్ నంబర్ పెట్టి నెట్‌లో వెతికితే ఏ బ్యాండ్లు ఉన్నాయో తెలుస్తుంది. పేరు ఒకటే అయినా దేశానికో మోడల్ నంబర్ ఉంటుంది, కాబట్టి 'అబౌట్ ఫోన్'లో ఉన్నదాన్నే చూసి వెతకాలి. ఇదంతా కొనేవాడు చేసుకోవాల్సిన పనా? నన్నడిగితే కాదు. ఫ్రిజ్ మీద కరెంటు స్టార్లు అంటించినట్టు ఫోన్ డబ్బా మీద, మన దేశంలో వాడే బ్యాండ్లలో ఇందులో ఏవి ఉన్నాయో పెద్దక్షరాల్లో ముద్రించాలి. కెమెరా మెగాపిక్సెళ్లకు ఉన్న చోటు దీనికీ ఉంటుంది.

టవర్ సంగతికొస్తే, గీతలు నిండుగా ఉన్నాయి కాబట్టి నెట్ బాగా రావాలి అనుకోవడం ఒక భ్రమ. గీతలు చెప్పేది సిగ్నల్ ఎంత గట్టిగా వినిపిస్తోందని, టవర్ మీద ఎంత రద్దీ ఉందని కాదు. మేడారం జాతరకు పోయినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కంపెనీలు తాత్కాలిక టవర్లు పెడతాయి, గద్దెల దగ్గర గీతలు నిండుగా కనిపిస్తాయి, అయినా తప్పిపోయిన పిల్లల కోసం మైకులో పిలవాల్సిందే. లక్షల మంది ఒకేసారి ఫొటోలు పంపుతుంటే కొత్త ఫోనైనా పాత ఫోనైనా ఒకటే. మీ ఊర్లో రాత్రి ఎనిమిది నుంచి పది దాకా అదే కథ చిన్న ఎత్తున జరుగుతుంది. పొద్దున ఆరింటికి ఒకసారి స్పీడ్ చూడండి. అప్పుడు బాగుంటే ఫోన్‌కు ఏ రోగమూ లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ల మైస్పీడ్ యాప్‌తో చూస్తే ఆ లెక్క వాళ్లకు పంపవచ్చు కూడా.

గీతల కంటే నమ్మదగిన అంకె ఒకటుంది. 'అబౌట్ ఫోన్'లో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం మైనస్ అంకెలో, డీబీఎం అనే కొలతలో కనిపిస్తుంది. మైనస్ 85 అయితే మంచిది, మైనస్ 100 పర్వాలేదు, మైనస్ 115 దాటితే ఏదీ కదలదు. మామ ఇంట్లో లోపలి గదిలో అది మైనస్ 112 చూపించింది, అరుగు మీదికి వచ్చేసరికి 98. "స్లాట్ బుక్ జేసేటప్పుడు గీ అరుగు మీదనే కూసో మామా" అని చెప్పాను. దీనికి పది వేలు ఎందుకు?

యూట్యూబ్ చిట్కాల గురించి ఒక మాట. స్టార్ హ్యాష్ స్టార్ హ్యాష్ 4636 హ్యాష్ స్టార్ హ్యాష్ స్టార్ కొడితే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒక దాచిపెట్టిన పేజీ తెరుచుకుంటుంది. అందులో 'ఎల్‌టీఈ ఓన్లీ' ఉంటుంది, అది పనికొచ్చేదే. మాటిమాటికీ 2జీకి జారిపోయే ఫోన్‌ను 4జీ మీదే నిలబెడుతుంది. అయితే మీ సిమ్‌లో, ఫోన్‌లో వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే సదుపాయం) పని చేయకపోతే కాల్స్ రావు, పోవు. పని అయ్యాక మళ్లీ మామూలుగా పెట్టేయాలి. ఇంత చెప్పి వదిలేస్తే బాగుండేది. కానీ అదే జాబితాలో, కాస్త కొత్త ఆండ్రాయిడ్ ఉన్న 4జీ ఫోన్లలో కూడా 'ఎన్ఆర్' అనే మాట కనిపిస్తుంది. ఎన్ఆర్ అంటే 5జీయే. దాన్ని చూపించి "మీ 4జీ ఫోన్‌లో 5జీ ఆన్ చేయండి" అని వీడియోలు తీస్తున్నారు. ఆ జాబితా ఆండ్రాయిడ్‌ది, సిగ్నల్ పట్టే చిప్, అంటే మోడెమ్, ఫోన్‌ది. 5జీ మోడెమ్ లేని ఫోన్‌లో 'ఎన్ఆర్ ఓన్లీ' నొక్కితే ఉన్న సిగ్నల్ కూడా పోతుంది. స్పీడ్ బూస్టర్ యాప్‌లైతే మరీ అన్యాయం. ఏ యాప్ కూడా మోడెమ్ స్పీడ్ పెంచలేదు, పైగా దాని ప్రకటనలకే మీ డేటా ఖర్చవుతుంది. "మీ సిమ్‌ను 5జీకి మారుస్తాం, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. జియో, ఎయిర్‌టెల్ 4జీ సిమ్‌లు 5జీ ఫోన్‌లో వాటంతటవే పనిచేస్తాయి, ఓటీపీతో పనే లేదు.

నాతో వాదించేవాళ్లు అడిగే మంచి ప్రశ్న ఒకటుంది: కొత్త ఫోన్‌తో నిజంగా తేడా ఉండదా? ఉంటుంది. పాత బడ్జెట్ ఫోన్లలో చాలావాటి మోడెమ్ క్యాటగిరీ 4, అంటే కాగితం మీద 150 ఎంబీపీఎస్ (ఒక ఎంబీపీఎస్ అంటే వెయ్యి కేబీపీఎస్), అదీ ఒకసారి ఒక బ్యాండ్ మీదే. కొత్తవి రెండు మూడు బ్యాండ్లను కలిపి లాగుతాయి. రద్దీ వేళ ఆ తేడా తెలుస్తుంది. కానీ వాట్సాప్ వీడియో కాల్‌కు ఒకటి రెండు ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీ వీడియోకు ఐదారు చాలు. స్లాట్ బుకింగ్‌కు అంత కూడా అక్కర్లేదు. 150 ఇవ్వగలిగిన ఫోన్‌ను సెట్టింగ్ వల్ల 0.2 మీద ఉంచి, ఫోన్ పాతదైందని అనడమే నాకు మింగుడుపడటం లేదు.

పాత ఫోన్ పనికిరాని సందర్భాలూ ఉన్నాయి. అసలు 4జీయే లేని 3జీ ఫోన్‌కు ఇప్పుడు మందు లేదు. ఆండ్రాయిడ్ 7.1 కంటే పాతదైతే కొన్ని వెబ్‌సైట్లు భద్రత లేదంటూ తెరుచుకోవు, ఎందుకంటే వాటి సర్టిఫికెట్లను ఆ ఫోన్ గుర్తించదు. దీన్ని కూడా జనం నెట్ స్లో అనే అంటారు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌లో యూపీఐ వాడటం నాకూ ఇష్టం లేదు. మామతో కూడా, ఖాతాలో పెద్ద మొత్తం ఉంచుకొని ఈ ఫోన్‌లో ఫోన్‌పే గిట్ల వద్దని చెప్పాను. ఆయన వినలేదనుకోండి.

ఇంకొకటి, ములుగు అవతల తాడ్వాయి, ఏటూరునాగారం అడవి ఊర్ల వాళ్లకు. బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని 2025 సెప్టెంబర్ 27న దేశమంతా ప్రారంభించారు. అది ఎక్కువగా 700, 2100 మెగాహెర్ట్జ్‌ల మీద నడుస్తుంది, అంటే బ్యాండ్ 28, బ్యాండ్ 1. అడవిలో దూరం పోయేది 700. పాత ఫోన్లలో చాలావాటికి బ్యాండ్ 28 లేదు. టవర్ ఊరి పక్కనే వెలుగుతున్నా ఆ ఫోన్‌కు కనిపించదు. అలాంటి చోట ఫోన్ మార్చడమే దారి, కానీ 5జీదే కావాలని లేదు. సెకండ్ హ్యాండ్ 4జీ ఫోన్ తీసుకునేటప్పుడు 1, 3, 5, 8, 28, 40, 41 అని ఒక చిట్టీ మీద రాసుకొని పోండి. షాపతను మెగాపిక్సెళ్లు చెబుతుంటే చెప్పనివ్వండి. మోడల్ నంబర్ అడిగి, ఆ చిట్టీతో సరిచూసుకొని, మీ సిమ్ వేసి, షాపు బయటికి వచ్చి ఒక కాల్ చేసి, నెట్ ఆన్‌లో పెట్టి చూశాకే బేరం మొదలుపెట్టండి.